పోను ఆరున్నర, రాను గంటన్నర

గోపాలపట్నం, 3-3-1997

కంచరపాలెం ట్రావెల్స్ ఆఫీసు గురునాథరావు గారికి, క్రేన్ ఫోర్‌మన్ అచ్యుతరామయ్య నమస్కారాలు.

టిక్కెట్టు వచ్చింది, నిద్ర పోయింది. గురువారం పదింటికి మద్రాసులో ఎక్కితే సాయంత్రం నాలుగున్నరకు సింగపూర్ అని రాసుంది. ఆరున్నర గంటలు! తిరుగు టిక్కెట్టు చూస్తే ఐదున్నరకు అక్కడ ఎక్కి ఏడింటికల్లా మద్రాసులో దిగడమే. గంటన్నర! దూరం ఒకటే కదండీ? అంత జోరు బండి ఉండగా నాకీ డొక్కు బండి అంటగడతారా? శుక్రవారం పొద్దున్న ఎనిమిదికి అక్కడి రేవులో హాజరు కాకపోతే ఉద్యోగం ఇంకొకడికి ఇచ్చేస్తారు. స్టీల్ ప్లాంటు వదులుకుని కూర్చున్నవాణ్ణి. వెంటనే బండి మార్చండి.

ఇట్లు, కాలు నిలవని
అచ్యుతరామయ్య

తా.క.: విమానం రాజమండ్రి మీదుగా పోతే చెప్పండి. మా అక్కయ్య డాబా ఎక్కి చూస్తుందట.

కంచరపాలెం, 6-3-1997

అచ్యుతరామయ్య గారికి నమస్తే.

ఎటు ఎగిరినా దాదాపు మూడు వేల కిలోమీటర్లే, నాలుగు గంటలే. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. తేడా అంతా గడియారాలదే. హాయిగా పడుకోండి.

భవదీయుడు
గురునాథరావు

తా.క.: రాజమండ్రి దారిలో లేదు. అక్కయ్యగారిని కిందికి దిగమనండి.

గోపాలపట్నం, 9-3-1997

గురునాథరావు గారూ, నమస్కారం.

గడియారాల సంగతి అర్థమైంది. ఇంకోటి కొని, సింగపూర్ టైము పెట్టి, రెండూ ఒకే చేతికి కట్టుకున్నాను. కొత్త చిక్కేమిటంటే, నా మద్రాసు రైలు మంగళవారం. మంగళవారం గడప దాటితే ఊరుకోనని మా ఆవిడ వెంకటరమణమ్మ గుమ్మానికి అడ్డంగా పీట వేసుక్కూర్చుంది. ఏదో దారి చూపండి బాబూ.

ఇట్లు, ఇంట్లోనే ఇరుక్కున్న
అచ్యుతరామయ్య

కంచరపాలెం, 12-3-1997

అయ్యా, నమస్తే.

సోమవారం మంచి ఘడియల్లో ప్రస్థానం పెట్టేయండి. సంచి ఒకటి ఇంకోచోట ఉంచితే ప్రయాణం మొదలైనట్టే కదా! మా ఆఫీసు బీరువాలోనే పెట్టండి. మంగళవారం సాయంత్రం స్టేషన్‌కి పోతూ పట్టుకెళ్ళవచ్చు.

భవదీయుడు
గురునాథరావు

తా.క.: అమ్మగారిని పీట తీయమనండి.

టెలిగ్రాం, మద్రాసు, 19-3-1997

సంచి మీ బీరువాలో. పాస్‌పోర్టు సంచిలో. నేను మద్రాసులో. ఉద్యోగం గాల్లో. అచ్యుతరామయ్య.

21-3-1997

అచ్యుతరామయ్య గారికి, ఇంకా నేలను తడిమి చూసుకుంటున్న గురునాథరావు నమస్కారాలు.

ప్రస్థానానికి ఎవరైనా పంచె పెడతారు, కాసిని బియ్యం పెడతారు. పాస్‌పోర్టు పెడతారా సార్? "ముఖ్యమైంది పెట్టమంది మా ఆవిడ" అంటారా! పైగా సింగపూర్ గడియారం చూసి, రైలు దాటిపోతోందని మా ఆఫీసు ముందునుంచే ఆటో పరిగెత్తించి, స్టేషన్లో రెండున్నర గంటలు ఊరికే కూర్చున్నారట. స్టేషన్ మా ఆఫీసు పక్కనే కదండీ, ఆ టైములో వచ్చి సంచి పట్టుకెళ్ళవచ్చుగా!

టెలిగ్రాం చూసి మా ఓనరు సూరన్న గారు నా చేతిలో విమానం టిక్కెట్టు పెట్టారు. నేను దాన్ని తిరిగి ఆయన బల్లమీదే పెట్టేశాను. "ఏటి గురునాదం, పన్నెండేళ్ళ నుంచీ టిక్కెట్లమ్ముతన్నావ్, ఎక్కడానికి బయమేటి? సంచట్టుకుని పరిగెట్టు!" అన్నారు.

మద్రాసు విమానాశ్రయంలో మీరు ఆ రెండు ముక్కలూ చెప్పి, సంచి లాక్కుని లోపలికి పరిగెత్తారు, నా మొహం చూడలేదు. మీ విమానం లేచేదాకా అక్కడే నిలబడ్డాను. చెప్పడానికి సిగ్గేస్తోంది కానీ, నేనెప్పుడూ విమానం ఎక్కలేదు సార్. వచ్చినవాళ్ళందరికీ "గంటలో దిగిపోతారండీ" అని చెబుతుండేవాణ్ణి. ఆ గంట ఎంత పొడుగుంటుందో మొన్న తెలిసింది. మీ గాభరాకి నవ్వుకున్నందుకు క్షమించండి.

భవదీయుడు
గురునాథరావు

తా.క.: ఓనరు గారు తిరుగు టిక్కెట్టు కూడా విమానానికే ఇచ్చారు. ఈ ఉత్తరం విజయవాడ స్టేషన్లో, రైలు ఆగినప్పుడు రాస్తున్నాను.