తైలం రాయించని చొక్కా

తమ్ముడు తోదెర్‌కు,

ప్రభువు నిన్ను కాపాడుగాక. నువ్వు యాష్ పట్నం నుంచి పంపిన చొక్కా అందింది. రోగుల తైల ప్రార్థనకు రాలేనివాళ్ల బట్టలు తెచ్చి, తైలమూ కొవ్వొత్తులూ నిలిపే పిండి గిన్నె పక్కన పెట్టడం మన గుడిలో అందరూ చేసేదే. నాలుగేళ్లుగా నీ చొక్కా నేనే పెడుతున్నాను. ఫాదర్ గారు దానికి తైలం రాస్తారు, నేను నీకు తిరిగి పంపుతాను, నువ్వు అదే తొడుక్కుని సారా దుకాణానికి వెళతావు.

మొన్న గుడిలో పొరుగింటి పరస్కీవా అది చూసి, "ఈ చొక్కాకి ఎప్పుడో నయమైపోయిందక్కా! తొడుక్కునే మనిషేడీ?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ చొక్కాను మళ్లీ సంచిలో పెట్టేశాను.

అప్పటినుంచి స్థిమితం లేదు. మోకరిస్తాను, లేస్తాను, కిటికీ దగ్గరికి పోతాను. కాలేయం ఇక తట్టుకోదని డాక్టరు అన్నాడని నువ్వే రాశావు. నేను తైలం రాయించనందుకు నీకేమైనా అయితే?

ఒక మాట ఒప్పుకోవాలి, తోదెర్. చొక్కా మోయడం నాకు సులువు. తాగుడు మానతావా అని అడగడమే కష్టం. మాననంటావేమోనని భయపడి నాలుగేళ్లు అడగలేదు. ఆ తప్పు ఫాదర్ గారి ముందు ఒప్పుకున్నాను.

ఇప్పుడు అడుగుతున్నాను. నీకు బాగుపడాలని ఉందా? ఉంటే శుక్రవారం తైల ప్రార్థనకు పొద్దుటి బస్సెక్కి నువ్వే రా, పక్కన నేను నిలబడతాను. రాకపోయినా నీకోసం ప్రార్థిస్తూనే ఉంటాను. బట్టలు మాత్రం పంపకు.

అక్క