ఖాడీల బోల్తా పడ్డ దినం

సూరత్,
1996 నవంబర్ 28.

విజయరాణికి,

నీ పెనిమిటి కమలాకర్ రాసే ఉత్తరం. నేనీడ మంచిగనే ఉన్న. నువ్వు, పిల్లలు, మా అవ్వ గూడ మంచిగున్నరని మీ తమ్ముడు మహేశ్ ఊరికి పోయి, నీ ఉత్తరం తెచ్చి చెప్పినంక మనసు జర నిమ్మలమైంది.

నువ్వడిగినవి ముందుగాల చెప్త. నా దగ్గు తగ్గింది. ఉండనీకి కొత్త ఖోలీ కిరాయికి దొరికింది. నల్లా వాకిట్లనే ఉన్నది, నీళ్లకు కొట్లాట లేదు. తెలుగు బడి గూడ దగ్గరనే, పిల్లలు నడిచిపోవచ్చు. మురుకులు అందరం తిన్నం. నువ్వు పంపిన అంగి బట్ట మాత్రం ఇంకా కుట్టియ్యలే.

"మా తమ్ముని పాణం కాపాడినవు, నీ కాళ్లు కడిగి నెత్తిన సల్లుకుంట" అని రాసినవు. ఆ మాట సదివిన కాన్నుంచి నాకు బువ్వ సయిస్తలేదు. ఆ దినం ఏమైందో మొత్తం రాస్త.

దివాలీకి కార్ఖానాలు బందువెట్టినప్పుడు మా శేఠ్ కొడుకు బొంబాయి నుంచి సన్నటి పడవలు తెప్పిచ్చిండు. కయాక్ అంటరట. మగ్గంల అటిటు ఉరికే నాడె లెక్క రెండు దిక్కుల మొనదేలి ఉంటయ్. ఇద్దరు ముందొకలు ఎనుకొకలు కూసొని, రెండు దిక్కుల రెక్కలున్న తెడ్డుతోని నీళ్లు నూకాలె. మగ్గాలోళ్లం కొంతమందిని టెంపోల తోలుకపోయిండు. "సముద్రంలకు పోం, ఖాడీల ఒడ్డు పొంటే పోదాం, అలలుండయ్" అన్నడు. ఖాడీ అంటే సముద్రం పాయ. నిజంగనే దాంట్ల నీళ్లు పరిచిన బట్ట లెక్క సాపుగున్నయ్. రెండు దిక్కుల మడ చెట్లు, తెల్ల కొంగలు. మహేశ్ సంబరం సూడాలె! నా ముందట కూసొని పోయినంత దూరం పాటలే.

నీళ్లల్ల తేలే జాకెట్లు అందరికి సరిపోలే. మా ఇద్దరి మధ్యల ఒక్కటే మిగిలింది. ఇద్దరికీ ఈత రాదు. "నువ్వేసుకో బావా, పిల్లలు గల్లోనివి" అని మహేశే నాకు తొడిగి పట్టీలు బిగిచ్చిండు.

తిరిగొచ్చేటప్పుడు మోటరు పడవొకటి పక్కపొంటి జోరుగ పోయింది. దాని అల తగిలి మా పడవ బోర్లపడ్డది. నేను జాకెట్‌తోని తేలి, పడవను దొరకవట్టిన. గంతల ఎనుకనుంచి ఒక చెయ్యి నా మెడకాడ జాకెట్ పట్టుకున్నది. ఆ బరువుకు నా ముక్కు, నోరు నీళ్లల్ల మునిగినయ్.

రాణీ, ఆ చెయ్యిని నేను గుంజి పారేయ సూసిన. ఇడువలే. చిటికెన వేలు పట్టి ఎనుకకు వంచిన. విరిగింది నాకు తెలిసింది. మహేశ్ మునిగిండు. ఎనుక పడవల వస్తున్న మా కార్ఖానా ఆగయ్య నీళ్లల్లకు దుంకి, జుట్టువట్టి పైకి గుంజిండు. కాపాడింది ఆగయ్య. వేలు పడవ కింద వడి విరిగిందని మీ తమ్ముడు చెప్పింది అబద్ధం. ఇప్పుడు ఆ వేలు వంగుతలేదు. తెగిన పోగు ముడేసుడు వస్తలేదని వాన్ని దారం కండెలు చుట్టే పనికి పెట్టిండ్రు.

నిన్న ఖోలీల మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగిన. "నేను కాపాడిన్నని అక్కకు ఎందుకు చెప్పినవ్‌రా?"

వాడు స్టవ్‌కు గాలి కొడుతున్నడు. తలెత్తలే. "అక్క నీతోనే బతకాలె గద బావా."

"నీ వేలు విరిచింది నేనే."

"ఎరుకే. నీళ్లల్ల వడ్డోనికి ఎవలు పట్టుకున్నరో తెలుస్తదా? నువ్వు నన్ను సూడలే. ఇగ ఆ ముచ్చట ఇడువు, చాయ్ తాగు" అన్నడు.

నేను చాయ్ తాగిన.

వానికి చెప్పలేకపోయింది నీకు చెప్తున్న. వాడు "బావా" అని పిలిచిండు. నేను మర్లి సూసిన. నీళ్లు కొట్టి వాని కండ్లు మూసుకున్నయ్, నాయి తెరిచే ఉన్నయ్. మహేశ్ అని తెలిసే వేలు వంచిన.

వచ్చే నెల పిల్లలను తీసుకొని నవజీవన్ రైలు ఎక్కుతనన్నవు. ఎక్కాల్నో వద్దో ఇప్పుడు నువ్వే ఆలోచన చెయ్యి. నీ తమ్ముడు నన్ను మాఫ్ చేసిండు, నేను సగమే చెప్తే. నువ్వు గూడ చెయ్యాలని నేను అడుగ.

ఇట్లు,
నీ పిల్లల తండ్రి,
కమలాకర్