ఆమెన్‌ల కింద పంపు

కనాటా

జ్ఞానవతి ఆంటీకి వందనాలు.

వాట్సాప్‌లో పెడితే ఇదీ మరుగున పడుతుందని కాగితం మీద రాస్తున్నాను.

మలావీలో కూరగాయలు పండించే ఆడవాళ్లకు ఇక్కడ కనాటా నుంచే సలహాలివ్వాలని మన చర్చి తరఫున గ్రూపు పెట్టింది మీరే. పోయిన నెల వాళ్ల లీడర్ చిసోమో వాయిస్ మెసేజ్ పంపింది. సోలార్ పంపు ఆగిపోయింది, ఎలా బాగుచేసుకోవాలని అడిగింది. మనవాళ్లు అది ప్రార్థన అనుకుని, వినకుండానే ఆమెన్‌లు, పువ్వుల బొమ్మలు పెట్టేశారు. నేనూ చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. పంపుల పని తెలిసిన డేవిడ్‌సన్ అంకుల్‌కు ఆ మెసేజ్ కనబడనే లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక, ముందు వినమని అందరికీ మీరే చెప్పాలి. నేను చెబితే చిన్నవాడివంటారు.

నిన్న చిసోమో ఎండిపోయిన మడుల ఫొటో పెట్టింది. ఏమీ అనుకోకండి ఆంటీ, దాని కింద మొదటి ఆమెన్ మీదే.