పెనం ముందు ఇప్పుడు నేనే

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి రెండేళ్ళు. హోటల్ మూయలేదు, మూస్తే మీరే తిట్టేవారు.

పొద్దున మిహాయ్ వచ్చాడు. రొమేనియా నుంచి లండన్ వచ్చి, మన వెంబ్లీ హోటల్లో గిన్నెలు కడుగుతూ మీ దగ్గర దోసె నేర్చుకున్న మిహాయే. బ్రెగ్జిట్ అయ్యాక ఇక తమ్ముణ్ణి ఇక్కడికి రప్పించుకోవడం కుదరదని తెలిసి వెళ్ళిపోయాడు కదా. ఇప్పుడు బుకారెస్ట్‌లో సొంతంగా దోసెల కొట్టు పెట్టాడట. వంటవాళ్ళు పోలండ్ నుంచి వచ్చినా, ఇటలీ నుంచి వచ్చినా వీసా అక్కర్లేదట.

ఆ బ్రెగ్జిట్ ఓటు వేసొచ్చిన రోజు మీరన్న మాట గుర్తొచ్చింది. "యూరప్ నుంచి బయటపడితే వాళ్ళకీ మనవాళ్ళకీ ఒకటే రూలవుతుందే. నెల్లూరు నుంచి దోసె మాస్టర్ని తెచ్చుకుందాం."

రూలు ఒకటే అయింది. మాస్టరుకు వీసా కావాలంటే మాత్రం మనం ఇచ్చుకోలేనంత జీతం చూపించాలి. అందుకే పెనం ముందు నేనే నిలబడుతున్నాను.

నా దోసె అంటుకుపోతుంటే మిహాయ్ చెయ్యి అట్లకాడ దాకా వచ్చింది. "విజిటర్‌గా వచ్చావు నువ్వు, పని చెయ్యకూడదు" అన్నాను. చేతులు జేబుల్లో పెట్టుకుని, "ఉల్లిపాయతో రుద్దండి వదినా" అన్నాడు, అచ్చం మీలాగే.

వెళ్ళేముందు బూట్లు విప్పి మీ ఫొటో ముందు నిలబడ్డాడు.

"మమ్మల్ని పంపించెయ్యాలని ఓటేసినవాళ్ళంటే అన్నయ్యకి ఎంత కోపమో కదా!"

మీరు ఎటు వేశారో అతనికి తెలియదు.

"చివరిదాకా ఉండేది" అన్నాను.