ఉయ్యాల చోటు

అమలాపురం, మార్చి 4, 1979

ఇది ఈ డైరీలో రాసుకోకపోతే రేపు మా ఆయనకి రాసే ఉత్తరంలో రాసేస్తాను. అందుకే రాస్తున్నాను.

హైదరాబాదులో మేము కాపురం పెట్టబోయే ఒంటిగది ఫ్లాటుకి నేనే బొమ్మ గీసి అక్కడున్న ఆయనకి పంపాను. గది మధ్యలో ఉయ్యాల బల్ల. అన్నం వేళ దాన్ని దింపి రెండు ట్రంకుపెట్టెల మీద వేస్తే భోజనాల బల్ల, చుట్టాలొస్తే మంచం. మిగతా వేళంతా ఊగడమే. ఈరోజు జవాబొచ్చింది. అమ్మకి చదువు రాదు కనుక పైకి చదివాను. "ఎదుటి ఫ్లాటు సరళగారు నీ బొమ్మ చూసి నవ్వేరు. టేపుతో కొలిచి, ఉయ్యాల చోట బీరువా పెట్టమన్నారు" అని ఉన్నచోట, "ఇక్కడ అందరూ కులాసా" అని చదివేశాను.

"మధ్యలో ఏదో మింగేవేంటే?" అంది అమ్మ.

"ఏం లేదమ్మా, బీరువా సంగతి."

"బీరువాకేనా మొహం అలా మాడిపోయింది?"

నా బొమ్మ ఆవిడకెందుకు చూపించారు? ఆవిడ కొలుస్తుంటే టేపు రెండో కొస ఆయనే పట్టుకుని ఉంటారు. పరీక్షలు రాసి నేను వెళ్ళేసరికి అది ఆవిడ సర్దిన గది అయిపోతుందేమో...

ఇవేవీ రాయను. ఒక్కటే రాస్తాను: "ముందు పైకప్పుకి ఉయ్యాల కొక్కేలు వేయించండి. వేయించారో లేదో ఇరవయ్యో తారీఖులోగా జవాబు రాయండి."