నేల మీద పెట్టిన కాఫీ

అక్టోబర్ 3, గురువారం

రొట్టెలు రెండు వాయిలు. పెరుగు గుడ్డలో కట్టి వేలాడదీశాను. దుప్పట్లు ఉతికాను. ఇంటి వెనక ఆలివ్ చెట్లు దులిపాం, బస్తాన్నర. ఇదే వాటి చివరి కాపు.

మా ఇంటి మీదుగా రోడ్డు వేస్తున్నందుకు రోడ్డు ఆఫీసు ఇచ్చిన చెక్కు బ్యాంకులో పడింది. ఇల్లు, చెట్లు, బావి కలిపి ముప్ఫై ఒక్క వేల దీనార్లు. ఇంత డబ్బు మా వంశంలో ఎవరూ చూడలేదు. నవంబర్ పదిహేనున ఇల్లు కూలుస్తారు. బడి పక్కన హాజీ నుఅమాన్ ఇల్లు ఇరవై ఎనిమిది వేలకి మాట్లాడుకున్నాం. కాగితాలకి మూడు వారాలు పడుతుందట. అంతవరకూ డబ్బు కదలకుండా ఉంటే చాలు.

అక్టోబర్ 4

నమాజు కాగానే మా ఆయన తమ్ముడు ఖలఫ్ వచ్చాడు. ఒక్కడే వచ్చి ఉంటే భోజనానికి అనుకునేదాన్ని. వెనక ఐదుగురు పెద్దలు, ఇస్త్రీ అంగీల్లో.

కాఫీ పోశాం. పెద్దాయన కప్పు అందుకుని, తాగకుండా నేల మీద పెట్టాడు. వచ్చిన పని అవుతుందని మాటిస్తేనే తాగుతారు. తాగకుండా లేచిపోతే ఆ ఇంటి పరువు మళ్ళీ లేవదు. ఖలఫ్‌కి పికప్ కావాలట, ఆరు వేలు. ఇరవై రోజుల్లో సంఘం లోన్ వస్తుందట, రాగానే తిరిగి ఇచ్చేస్తాడట. మా ఆయన రెప్ప కూడా వేయలేదు. తాగండి, మీ పని అయిపోయిందనుకోండి అన్నారు.

వాళ్ళు వెళ్ళాక, ఎందుకు ఒప్పుకున్నారని ఆయన్ని అడిగాను. పెళ్ళిళ్ళకీ రాజీలకీ పెట్టే కప్పుని నా తమ్ముడు బండికి పెట్టాడు, నన్నేం చేయమంటావు, తీసి వాడి మొహాన కొట్టనా అన్నారు.

అక్టోబర్ 11

ఆయన పెదనాన్న మనవడికి పెళ్ళి. కన్యాశుల్కానికి మూడున్నర వేలు. మళ్ళీ పెద్దలు, మళ్ళీ కప్పు. వంటింట్లో మా నుహా అంది: అమ్మా, అడుగు గుండ్రంగా ఉండే కప్పులు కొందామే, కింద నిలబడవు. నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

అక్టోబర్ 15

నాకొక ఉపాయం తోచింది. కాఫీ గింజలు, దంచే రోలు, కూజా అన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాను. టీకి ఏ కట్టుబాటూ లేదు.

ఆయనతో పాటు సైన్యంలో పనిచేసినతను పెద్దల్ని వెంటేసుకుని వచ్చాడు, కంటి ఆపరేషన్‌కి డబ్బు కోసం. టీ పంపాను. వర్షాల గురించి మాట్లాడుకున్నారు, గొర్రెల ధర గురించి మాట్లాడుకున్నారు. ఆయన నా వైపు కొరకొరా చూస్తున్నారు. ఇంకాసేపు ఓపిక పడితే లేచేవాళ్ళే. ఇంతలో పక్కింటి ఉమ్ జిర్యేస్ గోడ మీంచి తన ఇత్తడి కాఫీ కూజా అందించింది, పొగలు కక్కుతూ. ఇంటినిండా చుట్టాలుంటే టీ ఏంటమ్మా, గింజలైపోతే ఒక్క కేకేస్తే పోయేదిగా అంది. ఎంత మంచి మనిషో.

రెండు వేలు.

అక్టోబర్ 20

మా అన్నయ్య వచ్చాడు. తనూ కప్పు కింద పెట్టాడు. పదిహేను వందలు.

అక్టోబర్ 27

హాజీ కాగితాలు వచ్చాయి. మా దగ్గర పద్దెనిమిది వేలున్నాయి. హాజీ గడ్డం నిమురుకున్నాడు. నేనూ పిల్లలు గలవాణ్ణేనమ్మా, ఇరవై నాలుగు చేతిలో పెట్టండి, మిగతాది వాయిదాల్లో తీసుకుంటా, పదో తేదీ దాకా ఆగుతా అన్నాడు.

అంటే ఖలఫ్ ఆరు వేలు ఇస్తే ఇల్లుంది. ఇవ్వకపోతే లేదు.

నవంబర్ 2

ఆయన అడగరు. నేనే ఖలఫ్ ఇంటికి వెళ్ళాను.

ద్రాక్ష పందిరి కింద పికప్, సీట్లకి ప్లాస్టిక్ కూడా తీయలేదు. లోన్ వచ్చిందట. దాంతో పై గది వేయించాడట. సిమెంటు ధర నీకేం తెలుసు వదినా అన్నాడు. అతని భార్య కాఫీ ఇచ్చింది. కప్పు నేల మీద పెట్టాను. ఆడది పెట్టగా నేనెప్పుడూ చూడలేదు. నా చెయ్యే నాకు కొత్తగా కనిపించింది.

ఖలఫ్ నవ్వాడు. చల్లారిపోతుంది, తాగు వదినా, మీసాలు మొలిచాక పెడుదువుగాని అన్నాడు.

తాగకుండా వచ్చేశాను.

నవంబర్ 3

నిన్న నాకంటే ముందే కబురు ఇల్లు చేరింది. పెళ్ళాన్ని పంపి తమ్ముణ్ణి నిలదీశాడని ఊరంతా అంటున్నారట. ఆయన అన్నం ముట్టలేదు. నేను పంపానని ఒప్పుకోవాలా, నా మాట లెక్కచేయకుండా వెళ్ళిందని చెప్పుకోవాలా, ఏది తక్కువ సిగ్గో నువ్వే చెప్పు అన్నారు.

ముట్టని కంచం మీద మూత పెట్టాను.

నవంబర్ 10

హాజీ ఇల్లు ఒక టీచరమ్మకి రాసిచ్చాడు.

నవంబర్ 15

టైర్ల కొట్టు వెనక రెండు గదులు, నెలకి నూట ఇరవై. బుల్డోజర్ ముందు వంటింటి గోడ తోసింది. నుహా చూస్తానంది. నేను సామాను సర్దే పని పెట్టుకున్నాను. మిగిలిన పద్దెనిమిది వేలు అద్దెకి ఎన్నేళ్ళొస్తాయో లెక్క వేయబోయి ఆపేశాను. అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు.

నవంబర్ 22, శుక్రవారం

ఖలఫ్ పెద్దల్ని తీసుకుని వచ్చాడు. అన్నదమ్ముల మధ్య బాకీ ఉంటే మాటా మాటా పెరుగుతుందట, మాఫీ చేస్తే అందరికీ మంచిదట. కుర్చీలు చాలక ఇద్దరు మంచం మీద కూర్చున్నారు. కప్పు కింద పెట్టారు.

ఆయన నా వైపు చూశారు. ఏమనమంటావు అన్నట్టు ఎన్నడూ చూడలేదు.

తాగండి అని నేనే అన్నాను.

ఖలఫ్, ఆరు వేలు. చెల్లు.