గజేందర్ అన్న సంతకం ఒక్కటే చెల్లదు

జగిత్యాల జిల్లా రాళ్లవాగుపల్లె కాపురస్తుడు, ప్రస్తుతం ఖతర్ దేశం అల్ ఖోర్ దగ్గర కంపెనీ క్యాంపులో ఉంటున్న రత్నాకర్ అనే నేను, కీర్తిశేషులు గంగారాం కొడుకును, ఇరవై తొమ్మిదేళ్లవాణ్ని, ఈ వీలునామా తాగి రాయడం లేదు, జ్వరంలో రాయడం లేదు, ఎవరూ పక్కన కూర్చుని రాయించడం లేదు. బుద్ధి సరిగానే ఉంది. కోపం కూడా ఉంది. కోపంలో రాస్తే చెల్లదని ఏ చట్టంలోనూ లేదు.

ఈ వయసులో వీలునామా ఏమిటని నవ్వేవాళ్లకు ఒక మాట. మా గదిలో నా పక్క మంచం రాజనర్సు మొన్న జూన్‌లో డ్యూటీ నుంచి వచ్చి పడుకుని మళ్లీ లేవలేదు. శవాన్ని పంపాలంటే ఇంటివాళ్ల సంతకం కావాలన్నారు. అక్కడ భార్య పుష్పది ఒక మాట, అతని తమ్ముళ్లది ఇంకో మాట. వాళ్లు తేల్చుకునేదాకా మావాడు మార్చురీలో ఉన్నాడు. వచ్చే వారం నుంచి నన్ను కొత్త స్టేడియం పైకప్పు పనికి ఎక్కిస్తున్నారు. నా భార్య సుమలతకు ఆరో నెల. పుష్పకు వచ్చిన కష్టం ఆమెకు రాకూడదు. అందుకే ఈ కాగితం.

1. అన్నదమ్ముల పంపకాల్లో నా వాటాకు వచ్చిన ఎకరం పది గుంటల భూమి, రెండు గదుల ఇల్లు, సర్వహక్కులతో సుమలతకే చెందాలి. నేను ఇక్కడ స్లాబులకు ఇనుప చువ్వలు కడుతుంటే అక్కడ నాట్లు వేయించిందీ, కరెంటు వచ్చినప్పుడు పరుగెత్తి మోటరు వేసిందీ ఆమే. ఉంచుకున్నా, అమ్ముకున్నా, మళ్లీ పెళ్లి చేసుకున్నా ఈ హక్కు పోదు. పెళ్లి మాట రాసినందుకు తిడుతుందని తెలుసు. సుమా, తిట్టు, నువ్వు తిట్టకపోతే నాకు నిద్ర పట్టదు.

2. పుట్టబోయే బిడ్డకు నా పుస్తకం. ఇక్కడి నజ్మా బజారులో పాత సామాన్ల దుకాణంలో దొరికింది, అట్ట లేదు, ఇంగ్లీషు. ఇటలీ ఒక్క దేశమయ్యాక అక్కడి పార్లమెంటు ఎలా నడిచింది, ప్రధానమంత్రులు ఎలా ఎక్కారు, ఎలా పడ్డారు అన్నది సంగతి. పదో తరగతి తప్పినవాణ్ని, ఫోన్‌లో మాటలకు అర్థాలు వెతుక్కుంటూ చదివాను. రాజనర్సు వెక్కిరించేవాడు: "ఇటలీల సర్కార్ పడిపోతే నీ డ్యూటీ మాఫీ అయితదారా?" కాదు. కానీ కొట్లాడి కొత్త రాష్ట్రం తెచ్చుకున్న ఊరివాణ్ని నేను. తెచ్చుకున్న తర్వాత అసలు పంచాయితీ మొదలవుతుందని చూశాను. ఇటలీ ఒక్కటైన నాడు వందమందిలో ఇద్దరికి కూడా ఓటు లేదు. మొదటి ప్రధానమంత్రి కవూర్, దేశం పుట్టి మూడు నెలలు నిండకముందే చనిపోయాడు. ఆ పేజీ చదివిన రోజే సుమ ఫోన్ చేసి నెల తప్పిందని చెప్పింది. ఆ పేజీ నాకు నచ్చలేదు. బిడ్డా, నువ్వు ఆడపిల్లవైనా మగపిల్లవాడివైనా అక్కడ ఆగకు. ఆయన పోయాక కూడా ఆ దేశం బతికింది.

3. మా గదిలోనే ఉండే కోరుట్ల ఇక్రాముద్దీన్‌కు నా కుక్కరు, కంబళి, గది మెస్సు ప్రధానమంత్రి పదవి. ఇటలీలో కైరోలి అనే ప్రధానమంత్రి, రాజు మీదికి కత్తితో వచ్చినవాడికి అడ్డం పడి తొడ మీద పోటు తిన్నాడు. నెల తిరిగేలోగా పార్లమెంటు ఆయన్ను ఓడించింది. మేమూ అంతే చేశాం. క్రేన్ బరువు ఊగి నా మీదికి వస్తుంటే కాలర్ పట్టి లాగింది ఇక్రామే. అదే వారం పప్పులో ఉప్పు లేదని అందరం చేతులెత్తి అతన్ని మెస్సు నుంచి దించాం. నేనూ ఎత్తాను. "పాణం కాపాడినందుకు కాదు భాయ్, పప్పుకు ఓటేసిన్రు, సహీ హై" అన్నాడు. ఇకమీద ఉప్పు తక్కువైతే తినేవాళ్లే వేసుకోవాలి. అతన్ని ఇక దించకూడదు.

4. ఎండాకాలం చల్లనీళ్ల కూలర్‌కు తాళం వేసిన క్యాంపు బాసుకు ఏమీ లేదు. కంపెనీవాళ్లకు ఒక్క మాట వదిలి వెళ్తున్నాను: నేను పైనుంచి పడితే పడ్డాడనే రాయండి. పడుకుని లేవకపోతే ఎందుకు లేవలేదో చూసి రాయండి. రాజనర్సు కాగితంలో సహజ మరణం అని ఉంది. ముప్పై నాలుగేళ్లవాడికి ఏది సహజం?

5. ఇప్పుడు మా అన్న గజేందర్ సంగతి. ఇటలీలో డెప్రెటిస్ అని ఒకడు ఎక్కుతూ దిగుతూ ఏళ్ల తరబడి ఏలాడు. ఎదుటి పక్షంవాణ్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవాడు; ఒకడికి పదవి, ఇంకొకడికి వాడి ఊరికి కావలసిన పని. చివరికి ఎవరు ఏ పక్షమో తెలియకుండా పోయింది. చదువుతుంటే అన్న మొహమే కనిపించింది. వార్డు మెంబరు. మూడు కండువాలు మార్చాడు. మేకను కోసి యాటకూర దావత్ ఇచ్చి కులపెద్దలను తిప్పుకుంటాడు. పంపకాల్లో బోరు ఉన్న మడి ఆయన వైపు ఎలా పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. అందరూ సరే అన్నారు, ఆఖరికి నేనూ సరే అన్నాను.

రాజనర్సు శవం ఆగిపోయినప్పుడు ఆయనకే ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "నీ రాజకీయం ఒక్క పీనుగకైనా పనికొస్తదా?" అన్నాను. రాజనర్సుది మా పక్క ఊరే. అన్న బండి వేసుకుని పోయి పుష్పను, ఆమె మరుదులను ఒక్క చాప మీద కూర్చోబెట్టాడు. పొద్దుగూకేసరికి సంతకాలు అయ్యాయి. ఏం జేసినవే అని అడిగితే, "ఏం లేదు తమ్మీ. ఎవ్వనికి ఏం గావాల్నో అడిగిన. నీ లెక్క మొత్తుకోలే" అన్నాడు. పుస్తకంలో కూడా, పిల్లల్ని బడికి పంపి తీరాలన్న చట్టం, ఓటు ఇంకా చాలామందికి ఇచ్చిన చట్టం ఆ డెప్రెటిస్ కాలంలోనే వచ్చాయి. ఏం చేయమంటారు?

6. కాబట్టి ఈ వీలునామా అమలుదారుగా గజేందర్ అన్ననే పెడుతున్నాను. ఆఫీసులో కాగితం కదిలించగలిగినవాడు మా ఇంట్లో ఆయన ఒక్కడే. కానీ పుష్ప మరుదులను ఒప్పించిన ఆ నోరే రేపు ఊరంతటినీ సుమలత మీదికి ఒప్పించగలదు. అందుకే షరతు: భూమి, ఇల్లు, కంపెనీ నుంచి రావలసినది, నా శవాన్ని పంపే కాగితం, దేని మీదైనా సుమలత సంతకం పక్కన లేనిదే అన్న సంతకం చెల్లదు. కులపెద్దలంతా చేతులెత్తినా చెల్లదు. ఆమె వద్దంటే అన్న సర్కారు అక్కడికక్కడే పడిపోయినట్టు.

ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. బతికి ఊరికి వస్తే దీన్ని నా చేత్తోనే చింపుతాను.

అన్నా, ఇది చదివి అలుగుతావు. అలుగు. నేను మొదటిసారి విమానం ఎక్కిన రోజు గేటు బయట అద్దానికి మొహం ఆనించి, నేను కనబడినంతసేపూ నిలబడ్డావు. ఏ కండువా కోసమూ కాదు. నేను పెట్టెలో వస్తే శంషాబాద్‌లో దించుకునేది నువ్వే, పాడె ముందు పట్టేది నువ్వే. ఆ పనికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

18 అక్టోబరు 2019, శుక్రవారం, అల్ ఖోర్
(సంతకం) రత్నాకర్

సాక్షులు:
1. ఏసోబు, తూర్పు గోదావరి జిల్లా, పరంజా (స్కాఫోల్డింగ్) పని
2. ఓబులయ్య, కడప జిల్లా, బస్సు డ్రైవరు